ఎన్నిక అంటే లెక్క

తెలుగులో ‘ఎన్నిక’ అనే మాటకు మూలం ‘ఎన్ను’ అనే ధాతువు. ఎన్నుట అంటే లెక్కపెట్టుట. తలచుట, మన్నించుట అనే అర్థాలు కూడ ఉన్నవి. ‘ఎన్నదగినవాడు’ అన్నప్పుడు లెక్కలోనికి తీసుకోదగినవాడనీ, గౌరవింపదగినవాడనీ రెండర్థాలూ ఒకేసారి పలుకుతవి. విద్యార్థి సంఘాల ఎన్నికలను గురించి, అందులోను మన హైదరాబాదులో వాటికి పట్టిన గతిని గురించి ఆలోచించినప్పుడు, ఈ ధాత్వర్థమే నాకు దారి చూపినది. న్యాయమైన ఎన్నికకు పునాది ఉపన్యాసం కాదు, ఉత్సాహం కాదు, లెక్క. ఓట్ల లెక్క, డబ్బు లెక్క, చేసిన పనికి చెప్పవలసిన లెక్క.

ఇది నేటి మాట కాదు. తమిళదేశంలోని ఉత్తరమేరూరు గుడిలో మొదటి పరాంతక చోళుని కాలం నాటి రెండు శాసనాలున్నవి. క్రీ.శ. 919, 921 సంవత్సరాల నాటివి. గ్రామసభ ఉపసంఘాలకు సభ్యులను ఎట్లా ఎంచవలెనో వాటిలో చెక్కించినారు. పేర్లు వ్రాసిన తాటాకు ముక్కలను కుండలో వేసి కలిపి, ఏమీ తెలియని చిన్న బాలుని చేత తీయించేవారు. వయస్సు 35కు తక్కువ, 70కి ఎక్కువ కారాదు. గడచిన మూడేండ్లలో పదవి చేసినవాడు పనికిరాడు. పదవిలో ఉండి లెక్కలు అప్పగించనివాడు అనర్హుడు, వాని దగ్గరి బంధువులు సైతం అనర్హులే. అది బ్రాహ్మణ అగ్రహార సభ. భూమి, సొంత ఇల్లు, వేదాధ్యయనం లేనివారికి అందులో చోటు లేదు. కావున దానిని ప్రజాస్వామ్యమని పొగడవలసిన పని లేదు. అయినా పదవిని పట్టుకొని వ్రేలాడరాదనీ, లెక్క చెప్పనివానిని మరల నమ్మరాదనీ వేయి సంవత్సరాలకు పూర్వమే రాతిమీద వ్రాసుకున్నారన్నది గమనింపదగినది.

ఇక మన ఊరికి వద్దాము. పాతబస్తీలో, మూసీ దక్షిణపు ఒడ్డున, హైకోర్టు భవనానికి పొరుగున సిటీ కళాశాల ఉన్నది. విన్సెంట్ ఈష్ రూపకల్పన చేసిన ఆ భవనం 1921లో పూర్తయినది. దానిని చూచేవారు గుమ్మటాలను మెచ్చుకొని పోతారు. నాకు మాత్రం 1952 సెప్టెంబరు గుర్తుకు వస్తుంది. ముల్కీ నిబంధనలను త్రోసిరాజని స్థానికేతరులకు ఉద్యోగాలిస్తున్నారని వరంగల్లులో పుట్టిన విద్యార్థుల ఆందోళన హైదరాబాదుకు ప్రాకినది. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కళాశాల పరిసరాలలోను, పత్తర్‌గట్టీ, అఫ్జల్‌గంజ్ ప్రాంతాలలోను పోలీసులు కాల్పులు జరిపినారు. ప్రాణాలు పోయినవి. అప్పటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. కాల్పులపై విచారణ జరిపినది న్యాయమూర్తి పింగళి జగన్మోహన్‌రెడ్డి.

ఆనాటి విద్యార్థులలో చాలామందికి శాసనసభకు ఓటు వేసే వయస్సు లేదు. అప్పుడు ఓటుహక్కు 21 సంవత్సరాలకు గాని వచ్చేది కాదు. అంతకుముందు 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహాలలో వందేమాతరం పాడినందుకు బహిష్కృతులై నాగపూరు పోయి చదువుకున్నవారికి, నిజాం రాజ్యంలో ఏ ఓటు మాటా లేదు. ఓటు లేని కుర్రవానికి గొంతు ఉండదని ఎవరైనా అనుకుంటే, ఈ రెండు సంవత్సరాలు చాలు వారికి జవాబు చెప్పడానికి. గొంతు ఎప్పుడూ ఉన్నది. దానిని వినడానికి ఒక క్రమపద్ధతి ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

ఆ పద్ధతే విద్యార్థి సంఘం. ఓటుహక్కు 21 ఏండ్లకు ఉన్న కాలంలో, పద్దెనిమిదేండ్ల పిల్లవాడు మొదటిసారి ఓటు వేసేది తన కళాశాలలోనే. అభ్యర్థి మాట వినడం, ఎదుటివాని మాటతో పోల్చడం, ఓడినప్పుడు ఓర్చుకోవడం అక్కడే నేర్చేవాడు. అయితే దాని పక్కనే మరొకటి పెరిగినది. బయటి పార్టీల డబ్బు, బయటి మనుషులు, కత్తులు. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఆవరణలో భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి జార్జ్ రెడ్డిని పొడిచి చంపినారు. ఆయనకు అప్పటికి 25 ఏండ్లు. తరువాతి దశాబ్దంన్నరలో విశ్వవిద్యాలయాలలో కొట్లాటలు తగ్గలేదు. చివరకు 1988లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయినవి.

ఇక్కడ చరిత్ర ఒక చిత్రం చేసినది. సరిగ్గా ఆ 1988 డిసెంబరులోనే పార్లమెంటు 61వ రాజ్యాంగ సవరణను ఆమోదించినది. 1989 మార్చి 28 నుండి ఓటుహక్కు వయస్సు 21 నుండి 18కి దిగినది. దేశపు ప్రధానిని నిర్ణయించే తెలివి పద్దెనిమిదేండ్లవానికి ఉన్నదని ఢిల్లీ ఒప్పుకున్నది. తన కళాశాల కార్యదర్శిని ఎన్నుకునే తెలివి అదే పిల్లవానికి లేదని హైదరాబాదు తేల్చినది. పెద్ద హక్కు వచ్చిన వేళకే చిన్న హక్కు పోయినది.

హింసను ఆపవలెనన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. బిడ్డను కళాశాలకు పంపి, సాయంకాలం తిరిగి వచ్చేదాకా గుమ్మం వంక చూచే తల్లిదండ్రుల భయం చిన్నది కాదు. కాని ఎలుకలున్నవని ఇల్లు తగలబెట్టుకోము గదా! చేయవలసినది నియమం. ఆ నియమం 2006లో వచ్చినది.

కేరళ విశ్వవిద్యాలయానికి సంబంధించిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2005 డిసెంబరులో ఆదేశించగా, కేంద్రం మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించినది. దాని సిఫారసులను అమలు చేయవలెనని 2006 సెప్టెంబరు 22న న్యాయస్థానం ఉత్తర్వు ఇచ్చినది. వాటిలో ముఖ్యమైనవి ఇవి. నామినేషన్ల నుండి ఫలితాల దాకా మొత్తం తంతు పది రోజులలో ముగియవలెను. ఒక్కొక్క అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటరాదు. రాజకీయ పార్టీల నిధులు తీసుకోరాదు. అచ్చు గోడపత్రికలు కూడవు, చేతితో వ్రాసినవే, అవీ కేటాయించిన చోటులోనే. ప్రచారానికి లౌడుస్పీకర్లు, వాహనాలు పనికిరావు. అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండవలెను. ఆ సంవత్సరపు చదువులో బాకీలు ఉండరాదు. నేరచరిత్ర ఉండరాదు. విద్యార్థి కానివాడు ఎన్నికలో ఏ రూపంలోను పాల్గొనరాదు. ఫలితం వెలువడిన రెండు వారాలలో ఆడిట్ అయిన లెక్కలు సమర్పించవలెను, అవి అందిన రెండు రోజులలో విశ్వవిద్యాలయం వాటిని ప్రకటించవలెను. ఫిర్యాదులు వినడానికి వేరే ఒక విభాగం ఉండవలెను.

ఉత్తరమేరూరు రాతిని, ఈ పత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. వయస్సుకు హద్దు, మరల మరల పోటీకి అడ్డు, లెక్క చెప్పనివానికి శిక్ష. మనుషుల దురాశ మారలేదు గనుక మందూ మారలేదు.

లోపాలు లేవని కాదు. డిగ్రీవారికి 22, పరిశోధకులకు 28 ఏండ్లని పెట్టిన హద్దు, పనిచేసుకుంటూ ఆలస్యంగా చదువుకు వచ్చిన పేదపిల్లలకు అన్యాయం చేస్తుంది. పాతబస్తీ బడులలో తెలుగు చెప్పినవానిగా అట్టివారిని ఎందరినో చూచినాను. దుకాణంలో రెండేండ్లు కూర్చుని, తమ్ముడు చేతికందిన తరువాత పుస్తకం పట్టినవాడు నాయకుడు కావడానికి ఏమి తక్కువ? సంఘం ముఖ్యపదవికి జీవితంలో ఒక్కసారే పోటీ అనడమూ కొంత కఠినమే. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విద్యార్థులే తమలోనుండి ఎన్నికల సంఘాన్ని ఏర్పరచుకొని ఏండ్ల తరబడి చక్కగా నడుపుకున్నారు. అట్టిచోట 2008లో ఈ నియమాల పేరిట ఎన్నికలు నిలిచి 2012 దాకా జరుగలేదు.

అయితే నియమాలు ఉంటే ఏమి జరుగునో కూడ చూచినాము. 2024లో ఢిల్లీ విశ్వవిద్యాలయ ఎన్నికలలో గోడలన్నీ ప్రచారపు కాగితాలతో ఖరాబు చేసినప్పుడు, అక్కడి హైకోర్టు పోలింగును జరగనిచ్చి, గోడలు శుభ్రమయ్యేదాకా లెక్కింపును ఆపినది. సెప్టెంబరు చివర వేసిన ఓట్లకు నవంబరు చివర గాని ఫలితం రాలేదు. ఎన్నికను రద్దు చేయకుండానే తప్పును సరిదిద్దవచ్చునని ఆ తీర్పు చూపినది.

మన నగరపు శివారులోనే ఉదాహరణ ఉన్నది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయం కేంద్రానిది గనుక అక్కడ విద్యార్థి సంఘం కొనసాగినది. చిన్న ఆవరణలలో ప్రత్యక్ష ఎన్నిక సాధ్యమని చెప్పడానికి లింగ్డో సంఘం దానిని పేరెత్తి ఉదాహరించినది. అక్కడ సాధ్యమైనది తార్నాక దగ్గర ఎందుకు అసాధ్యము? ఉస్మానియా వంటి అనుబంధ కళాశాలలున్న పెద్ద విశ్వవిద్యాలయాలకు, కళాశాలల ప్రతినిధులు పైసంఘాన్ని ఎన్నుకునే వేరొక పద్ధతినీ ఆ నివేదికే సూచించినది. దారి చూపలేదని అనడానికి వీలు లేదు.

ఎన్నిక ఆపినందువల్ల విద్యార్థులు మౌనం వహించలేదు. 2009 నవంబరు, డిసెంబరు మాసాలలో ఉస్మానియా ఆవరణ తెలంగాణ ఉద్యమానికి గుండెకాయ అయినప్పుడు ముందు నిలిచినది విద్యార్థుల ఐక్య కార్యాచరణ సమితి. అది ఓటుతో ఏర్పడినది కాదు, అప్పటి అవసరంతో ఏర్పడినది. ఆ పిల్లల త్యాగానికి నేను నమస్కరిస్తాను. కాని ఓటుతో ఏర్పడని సంఘాన్ని ఓటుతో మార్చలేము, లెక్క అడుగలేము. ఉద్యమానికి అది చెల్లుతుంది. భోజనశాలలో పప్పు నీళ్ళయినప్పుడు, వసతిగృహంలో ఆడపిల్లలకు రక్షణ కరవైనప్పుడు, ఉపకారవేతనం ఆలస్యమైనప్పుడు నిత్యం అడిగే మనిషి కావలెను. ఆ మనిషికి వెనుక ఎందరున్నారో అంకెలలో తెలియవలెను.

నా దగ్గర చదువుకొని సిటీ కళాశాలకు పోయిన పిల్లలు పండుగలకు చూడవస్తారు. వారి చేతికి ఓటరు కార్డు ఉన్నది, వేలికి సిరాగుర్తి పడినది. కళాశాలలో మాత్రం ఎవరినీ ఎన్నుకొని ఎరుగరు. 1952లో ఆ గోడల దగ్గర నిలిచినవారికి శాసనసభకు ఓటు లేకపోయెను, వీరికి కళాశాలలో ఓటు లేకపోయెను. పది రోజులు, అయిదు వేల రూపాయలు, చేతివ్రాత కాగితాలు, ఒక పెట్టె, తుదకు ఒక లెక్క. ఇంతకంటె ఎక్కువేమీ కోరడం లేదు. ఎన్నిక లేని చోట పిల్లలు ఎన్నికకు రారు, అనగా ఎవరి లెక్కలోనూ ఉండరు.