విద్యుచ్ఛాస్త్రంలో ఒక ఆచార్యురాలు

ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టరు డిగ్రీకి చేరగోరే విద్యార్థికి ఏ అర్హత వుండాలి? ఇంజనీరింగు పట్టం వుండాలని ఎవరైనా వెంటనే చెబుతారు. కాని 1918లో అమెరికాలోని మాసచూసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఆ తరగతికి చేరిన ఎడిత్ క్లార్కుకు ఆ పట్టం లేదు. ఆమెకు వున్నది గణితం.

క్లార్కు 1883లో మేరీలాండు రాష్ట్రంలో జన్మించింది. పన్నెండేళ్ళకే తల్లిదండ్రులను పోగొట్టుకొన్నది. వారసత్వంగా వచ్చిన సొమ్మును చదువుకే వెచ్చించి, 1908లో వాసర్ కళాశాల నుండి గణిత, ఖగోళశాస్త్రాలలో పట్టభద్రురాలైంది. కొంతకాలం బడిపంతులమ్మగా పనిచేసి, 1911లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగు మొదలుపెట్టింది. మరుసటి వేసవి సెలవులలో ఒక టెలిఫోను కంపెనీలో లెక్కలు కట్టే పనికి వెళ్ళి, అక్కడే వుండిపోయింది. ఆ రోజులలో 'కంప్యూటరు' అంటే యంత్రం కాదు. కాగితం మీద లెక్కలు కట్టే మనిషి. జార్జి కాంబెల్ అనే ఇంజనీరు వద్ద దూరపు టెలిఫోను తీగల సమీకరణాలను సాధిస్తూ సాధిస్తూ ఆమె విద్యుచ్ఛాస్త్రాన్ని వంటబట్టించుకొన్నది. అసలైన ప్రవేశార్హత అదే అనవచ్చు. నేటికీ అమెరికాలో గణిత, భౌతికశాస్త్ర పట్టభద్రులను ఎలక్ట్రికల్, కంప్యూటర్ ఇంజనీరింగు పైచదువులకు చేర్చుకోవటం కద్దు. అయితే విద్యుద్వలయాల వంటి ప్రాథమిక పాఠాలను వారు ముందుగా పూర్తిచేయవలసి వస్తుంది.

1919లో ఆమెకు మాస్టరు డిగ్రీ వచ్చింది. ఆ సంస్థలో ఈ శాఖలో దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. కాని ఇంజనీరు ఉద్యోగం మాత్రం దొరకలేదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో లెక్కలు కట్టే స్త్రీలపై అజమాయిషీయే దక్కింది.

ఆ కాలంలోనే ఆమె ఒక గణన సాధనాన్ని కల్పించింది. పొట్టి విద్యుత్తు తీగ అయితే దాని నిరోధాన్నీ, ప్రేరకత్వాన్నీ ఒక్కచోట వున్నట్లు భావించి లెక్కకట్టవచ్చు. వందల మైళ్ళ తీగలో అది చెల్లదు. కెపాసిటీ తీగ పొడుగునా పరచుకొని వుంటుంది కనుక వోల్టేజీ, విద్యుత్ప్రవాహమూ అడుగడుగునా మారుతూ పోతాయి. సమీకరణాలలో అతిపరావలయ ప్రమేయాలు వస్తాయి. చేతితో చేస్తే ఎంతో పొద్దు పట్టే ఆ లెక్కకు జవాబును రేఖాపటం మీద చదువుకొనే వీలు ఆమె కలిగించింది. 1921లో దరఖాస్తు పెట్టగా 1925లో పేటెంటు లభించింది.

ఇంజనీరు పదవి రానందున 1921లో ఆమె టర్కీ వెళ్ళి, కాన్‌స్టాంటినోపిల్ మహిళా కళాశాలలో భౌతికశాస్త్రం బోధించింది. 1922లో తిరిగి వచ్చినపుడు అదే కంపెనీ ఆమెను ఇంజనీరుగా తీసుకొన్నది!

ఆమె పేరు నిలిపినది మరొక చిన్న సంగతి. మూడు ఫేజుల విద్యుత్తులో మూడు ప్రవాహాలు 120 డిగ్రీల తేడాతో నడుస్తాయి. తటస్థ తీగ లేనపుడు మూడింటి మొత్తం సున్న. కాబట్టి రెండు తెలిస్తే మూడవది తెలిసినట్లే. క్లార్కు ఈ మూడింటినీ పరస్పరం లంబంగా వున్న రెండు అక్షాల మీదికి మార్చింది. మొత్తం సున్న కానపుడు ఆ మిగులును వేరొక రాశిగా విడదీసింది. 1943లో వెలువడిన ఆమె పాఠ్యగ్రంథంలో ఈ పద్ధతి వున్నది. నేటి విద్యుత్ వాహనాలలో మోటారును అదుపుచేసే ఎలక్ట్రానిక్ పరికరం సెకనుకు వేలసార్లు చేసేది సాధారణంగా ఈ మార్పిడినే.

1945లో కంపెనీ కొలువు విరమించిన క్లార్కును 1947లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం పిలిచింది. అప్పటికి ఆమెకు 64 ఏళ్ళు. అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ఆచార్య పదవిని అలంకరించిన మొదటి స్త్రీగా ఆమె అక్కడ పాఠాలు చెప్పింది. 1959లో మరణించింది.