ఖోజీ పీనక్, ఇనాయత్ ఖాన్ పక్కటెముకలు

మా నానాకు ఖోజీ అంటే ప్రాణం. ఇషా నమాజ్ అయ్యాక, దస్తర్‌ఖాన్ ఎత్తేశాక, పిల్లలందరం ఆయన తఖ్త్ చుట్టూ చేరేవాళ్లం. నానా కళ్లు సగం మూసేవారు. తల మెల్లగా ఛాతీ మీదికి వాలేది. అంతలోనే ఉలిక్కిపడి లేచి, నడుముకు లేని కటారు కోసం తడుముకునేవారు. మేం పడీ పడీ నవ్వేవాళ్లం. నానీమా లోపల్నుంచి "బస్ కరో జీ, పిల్లలు పడుకోవాలి" అని కేకేసేది. ఆమెకూ నవ్వు ఆగేది కాదు.

ఆ తల ఎందుకు వాలుతుందో మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అఫీమ్ మత్తులో మనిషి కూర్చున్న చోటే తూగిపోవడానికి ఉర్దూలో ఒక మాట ఉందని పెద్దయ్యాక తెలిసింది. దాని పేరు పీనక్. ఇన్నేళ్లూ మేం నవ్వుకున్నది ఆ పీనక్‌ను చూసే.

ఖోజీ పుట్టింది లఖ్‌నవూలో. మున్షీ నవల్ కిశోర్ నడిపిన 'అవధ్ అఖ్బార్'లో పండిత్ రతన్‌నాథ్ సర్షార్ 1878లో మొదలుపెట్టిన 'ఫసానా-ఎ-ఆజాద్'లోని కిర్దార్ ఇతను. కథలో ఆజాద్‌కు హుస్న్ ఆరా మీద ఇష్క్. ఆమె ఒక షర్త్ పెడుతుంది: తుర్కీకి వెళ్లి రష్యాతో జంగ్ చేసి రావాలి. ఆజాద్ బయలుదేరతాడు. వెంట ఖోజీ. మరుగుజ్జు మనిషి, పిడికెడు ఒళ్లు. తనంతటి బహాదూర్ దునియాలో లేడని నమ్మకం. జేబులో అఫీమ్ డబ్బీ. స్పెయిన్ దేశపు డాన్ క్విహోటే కథ ఛాయలు ఇందులో ఉన్నాయని అదబ్ తెలిసినవాళ్లు చెబుతారు. తర్వాత ప్రేమ్‌చంద్ దీన్ని కుదించి 'ఆజాద్ కథా' పేరుతో హిందీలోకి తెచ్చారు. ఆజాద్‌ను చాలామంది మరిచిపోయారు. ఖోజీని మాత్రం ఎవరూ మరవలేదు.

ఖోజీ పడతాడు, లేస్తాడు. తన్నులు తింటాడు, దుమ్ము దులుపుకుంటాడు. అఫీమ్ దొరకకపోతే గగ్గోలు పెడతాడు, దొరకగానే షేర్ అయిపోతాడు. మజాక్‌లో ఉండే సుఖం ఇదే. దెబ్బకు నొప్పి ఉండదు, విషానికి మౌత్ ఉండదు. పేజీ తిప్పితే మనిషి మళ్లీ సలామత్‌గా నిలబడి ఉంటాడు.

ఇప్పుడు ఆ కాలం తవారీఖ్ వైపు చూద్దాం. ఫసానా మొదలైన 1878లోనే అంగ్రేజ్ హుకూమత్ అఫీమ్ చట్టం తెచ్చింది. ఆ చట్టం అఫీమ్‌ను ఆపడానికి కాదు. ఎవరు పండించాలి, ఎవరు అమ్మాలి, సర్కార్ ఖజానాకు రాబడి ఎలా రావాలి అనేది తేల్చడానికి. గాజీపూర్‌లో, పట్నాలో సర్కారీ అఫీమ్ కార్ఖానాలు ఉండేవి. రైతుకు ముందే పేష్గీ ఇచ్చేవారు, పంట సర్కార్‌కే ఇవ్వాలి, ధర సర్కార్ చెప్పిందే. ఆ అఫీమ్ ముద్దలు పెట్టెల్లో కలకత్తాకు వెళ్లి, వేలంలో అమ్ముడై, జహాజ్ ఎక్కి చీనాకు చేరేవి. వద్దన్న చీనా మీద 1839లో జంగ్ మొదలైంది. 1842లో హాంకాంగ్ అంగ్రేజ్‌ల చేతికి వచ్చింది. భూమి శిస్తు తర్వాత హుకూమత్‌కు వచ్చే పెద్ద రాబడుల్లో అఫీమ్ ఒకటి. మిగిలిన సరుకు ఇక్కడి ఠేకా దుకాణాల్లో మన జనానికే అమ్మేవారు.

ఇంకో మాట. 1856లో అవధ్‌ను కంపెనీ కాజేసినప్పుడు చెప్పిన బహానా ఏమిటి? నవాబులకు రాజ్యం చేయడం చేతకాదు, వాళ్లు ఐష్‌లో మునిగి తేలుతున్నారు అని. వాజిద్ అలీ షా కలకత్తా దగ్గరి మటియా బుర్జ్‌కు చేరారు. ఆ తర్వాత లఖ్‌నవూ అంటే పావురాలు, పతంగులు, అఫీమ్‌చీలు అనే తస్వీర్ జనం మనసుల్లో స్థిరపడిపోయింది. మన వాళ్లే ఆ తస్వీర్ చూసి నవ్వారు. అఫీమ్ అమ్మేవాడు కుర్సీలో కూర్చుని ఇన్సాఫ్ చేస్తున్నాడు, తిన్నవాడు లతీఫా అయ్యాడు. "చండూఖానే కీ గప్" అని ఇప్పటికీ అంటాం కదా, ఆధారం లేని కబుర్లకు. చండూఖానా అంటే అఫీమ్ పొగ పీల్చే ఇల్లు. అక్కడి కబుర్లు మనకు గుర్తున్నాయి. అక్కడ ఎండిపోయిన మనుషులు గుర్తులేరు.

1893లో విలాయత్ నుంచి రాయల్ కమిషన్ వచ్చింది. ఊరూరా తిరిగి గవాహీ తీసుకుంది. 1895లో రిపోర్ట్ ఇచ్చింది: హింద్‌లో జనం అఫీమ్‌ను హద్దులోనే వాడుతున్నారు, పూర్తిగా బంద్ చేయాల్సిన జరూరత్ లేదని. పసిపిల్లలకు కూడా అఫీమ్ పెడుతున్నారన్న సంగతి ఆ గవాహీల్లో ఉంది. బొంబాయి మిల్లుల్లో పనికి వెళ్లే తల్లులు బిడ్డ ఏడవకుండా పడుకోవాలని 'బాలా గోలీ' వేసేవారు. అందులో ఉన్నది అఫీమే. ఆ తల్లుల్ని తప్పుపట్టలేం. బిడ్డను పట్టుకునే చెయ్యి లేదు, కూలీ మానేస్తే రొట్టె లేదు. మన తెలుగులో అఫీమ్‌కు పేరు నల్లమందు. నొప్పికీ, విరేచనాలకూ హకీములు ఇచ్చిందీ అదే. మనకు జ్వరానికి వేసేదీ మందే, పురుగుల్ని చంపేదీ మందే, సాయంత్రం దుకాణంలో తాగేదీ మందే. మాట ఒకటే కావడంతో మూడింటి మధ్య దూరం కనబడదు.

అఫీమ్ మనిషిని ఏం చేస్తుందో నవ్వకుండా చూపించిన తస్వీర్ కూడా మన తవారీఖ్‌లో ఉంది. ఖోజీకి 260 ఏళ్ల ముందుది. 1618లో జహంగీర్ బాద్‌షా దగ్గర పనిచేసే ఇనాయత్ ఖాన్ అనే అమీర్‌ను పల్లకీలో మోసుకొచ్చారు. అఫీమ్‌కూ శరాబ్‌కూ బానిసైన మనిషి. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ మిగల్లేదు. బాద్‌షా చూసి హైరాన్ అయ్యారు. ముసవ్విర్లను పిలిచి, ఉన్నది ఉన్నట్టు గీయమన్నారు. ఇంకొంచెంలోనే ఇనాయత్ ఖాన్ ఇంతెఖాల్ అయ్యారు. అప్పుడు వేసిన గీతల బొమ్మ బోస్టన్ మ్యూజియంలో ఉంది, రంగుల బొమ్మ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. పక్కటెముకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. కళ్లు లోపలికి పోయాయి. వెనకాల గావు తకియాలు, మెత్తటి పరుపు. ఆ బొమ్మ చూసి ఎవరికీ నవ్వు రాదు.

గీయమన్న బాద్‌షా కూడా ఆ బీమారీకి బయటి మనిషి కాదు. రోజుకు 20 ప్యాలాల శరాబ్ దాకా వెళ్లి, చేతులు వణికి, వేరేవాళ్లు పట్టి తాగించాల్సి వచ్చిందని జహంగీర్ తన కితాబ్‌లో తానే రాసుకున్నారు. హకీమ్ హుమామ్ హెచ్చరించాక తగ్గించారు. రోజూ అఫీమ్ తినే సంగతీ దాచలేదు. ఆయన తమ్ముళ్లు మురాద్, దానియాల్ ఇద్దరినీ శరాబే తినేసింది. తప్పును తప్పుగా రాయడానికి బాద్‌షాకు షర్మ్ అడ్డు రాలేదు.

ఇక ఖోజీని పుట్టించిన సర్షార్ సంగతి. ఆయన ఆఖరి ఏళ్లు గడిచింది మన హైదరాబాద్‌లోనే. 1895లో వచ్చారు. మహారాజా కిషన్ పర్షాద్ ఆదరించారు. 'దబ్‌దబా-ఎ-ఆసఫీ' రిసాలాకు పనిచేశారు. కానీ శరాబ్ అలవాటు ఆయన సేహత్‌ను తినేసింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇక్కడే కన్నుమూశారు. దేశమంతా ఒక నషేబాజ్‌ను చూసి నవ్వేలా రాసిన కలం, తన నషా నుంచి తాను బయటపడలేకపోయింది. సర్షార్‌ను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. అంతటి తెలివికి కూడా నవ్వు ఇలాజ్ కాలేదని చెప్తున్నాను.

అలాగని నవ్వించడం గునాహ్ కాదు. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడారు. గిరీశం గొప్పలకు ఇప్పటికీ నవ్వుతాం. లుబ్ధావధాన్లు పిసినారితనానికి నవ్వుతాం. కానీ సుబ్బి అనే చిన్నపిల్లను ముసలివాడికి అమ్ముతున్నారన్న సంగతి ఆ నాటకం మనల్ని మరవనివ్వదు. తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. అక్కడ నవ్వు ఆగిపోతుంది. హాలు బయటికి వచ్చినవాడికి ఆ నుయ్యి గుర్తుంటుంది. ఖోజీ కథ దగ్గర మాకు అలాంటి నుయ్యి ఎవరూ చూపించలేదు.

ఇదంతా ఎందుకు తవ్వానంటే, మా ఖాందాన్‌లో ఒక మామూ ఉండేవారు. తాగి వచ్చేవారు. ఏ షాదీలో చూసినా ఆయన చుట్టూ పిల్లల గుంపు. "మామూ, ఓ షేర్ చెప్పండి" అని ఎగదోసేవాళ్లం. ఆయన తూలుతూ చెప్పేవారు, మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. పెద్దలూ నవ్వేవారు. ముమానీ మాత్రం నవ్వేది కాదు, గోడవైపు తిరిగి ఉండేది. ఆమె ఎందుకలా ఉంటుందో ఎవరూ అడగలేదు. చివరి వారం ఆయన్ను చూడటానికి వెళ్లాను. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. చాలా ఏళ్ల తర్వాత ఇనాయత్ ఖాన్ తస్వీర్ చూసినప్పుడు ఈ ముఖం నాకు ముందే తెలుసు అనిపించింది.

ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. తాగుబోతు తూలడం కామెడీ, గంజాయి పీల్చడం కామెడీ. ఫోన్లు లాక్కోమని నేననను. పక్కన కూర్చుని చూడండి. వాళ్లు నవ్వాక, "తర్వాత ఆ మనిషి ఇంటికి ఎలా వెళ్లాడు? తలుపు ఎవరు తీశారు?" అని అడగండి. కథ అక్కడ వదిలేసిన భాగాన్ని మనమే చెప్పాలి. ముహల్లాలో ఎవరైనా తూలుతూ కనిపిస్తే ఆయన బీమార్ అని చెప్పండి, ఇలాజ్ ఉందని చెప్పండి, వీలైతే ఆయన ఇంటివాళ్లతో ఒక్క మాట మాట్లాడండి.

మా పిల్లలకు నేనూ ఖోజీ కథ చెప్తాను. నానా చేసినట్టే కళ్లు మూసి తల వాలుస్తాను. వాళ్లు నవ్వుతారు. ఆ తర్వాత ఫోన్‌లో ఇనాయత్ ఖాన్ బొమ్మ తీసి చూపిస్తాను. ఆ తల ఎందుకు వాలుతుందో చెప్తాను.