రంగం వెళ్ళినవాడి బాకీ

బారువలో స్టీమరు ఒడ్డుకి వచ్చేది కాదు. అలలు దాటి, లోతున్నచోట లంగరు వేసుకుని నిలబడేది. రేవు నుంచి అక్కడిదాకా మనుషుల్ని చేర్చేవి మసూలా పడవలు. ఆ పడవకి మేకులుండవు. పలకల అంచున కన్నాలు పొడిచి కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు, సందుల్లో నీరు ఊరకుండా కుట్టు కింద ఎండుగడ్డి దూర్చేవారు. మేకులు కొట్టిన పడవ మా తీరం అలల దెబ్బకి విచ్చిపోతుంది. కుట్టుపడవ వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. మా ఉద్దానంలో కొబ్బరిపీచుకి కొదవేముంది? మా తాత ఆ పడవ గురించి ఎంతసేపైనా చెప్పేవాడు. స్టీమరు సంగతి అడిగితే మాత్రం, డెక్కు మీద చాపంత జాగా, చుట్టూ వాంతులు, "ఆ ఊసెందుకురా" అని ఆపేసేవాడు.

ఆ స్టీమరెక్కినవాళ్ళు వెళ్ళింది రంగానికి, అంటే రంగూన్‌కి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బర్మా బియ్యానికి యూరపులో గిరాకీ పెరిగింది. రంగూన్‌లో పజున్‌డాంగ్ వాగు పొడుగునా మిల్లులు లేచాయి. బస్తా మొయ్యాలన్నా, ఓడకెత్తాలన్నా, రిక్షా లాగాలన్నా మనిషి కావాలి. ఇటు చూస్తే జమీందారుకి కట్టాల్సిన శిస్తు, వాన మొహం చూడని ఏళ్ళు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పదిలక్షల పైచిలుకు తేలారు. రంగూన్ నగరంలో సగానికి పైగా వాళ్ళే. అందులో రేవు కూలీలు ఎక్కువమంది తెలుగువాళ్ళు. కోరంగి రేవు పేరు పెట్టి వాళ్ళందర్నీ అక్కడ కోరంగీలనేవారు, కోరంగి మొహం ఎరగని మా ఉద్దానం వాళ్ళతో సహా.

తీసుకెళ్ళేవాడు మేస్త్రీ. వాడూ మనూరివాడే, ఒకప్పుడు బస్తాలు మోసినవాడే. టిక్కెట్టు తనే కొనేవాడు, ఇంట్లో నాలుగు రూపాయలు పెట్టేవాడు. అక్కడికెళ్ళాక మిల్లువాళ్ళు కూలీ మేస్త్రీ చేతికే ఇచ్చేవారు. వాడి పైన పెద్దమేస్త్రీ, ఆ పైన కంట్రాక్టరు. ఒక్కొక్కరూ కొంత గిల్లుకోగా మిగిలిందాంట్లోంచి అడ్వాన్సు కోత. పాతబాకీ తీరేలోపు జ్వరమో, పని లేని వానాకాలమో వచ్చి కొత్తబాకీ అయ్యేది. రంగం బతుకు తాత్కాలికమని పుస్తకాల్లో రాస్తారు. నిజమే, కానీ ఆ తాత్కాలికం ఎన్నాళ్ళో తేల్చేది కూలీ కాదు. మా నానమ్మ దాన్ని నాకంటే బాగా చెప్పింది: "రంగం ఎల్లినోడు ఎప్పుడొత్తాడో మేస్త్రీకి తెల్సు గానీ పెళ్ళానికేటి తెల్సు?"

ఉండేది మేస్త్రీ గదుల్లో. గదికి ఇందరే ఉండాలని మునిసిపాలిటీ రూలు ఉండేది, పట్టించుకున్నవాడు లేడు. పగటి కూలీ లేచిన చాప మీద రాత్రి కూలీ నడుం వాల్చేవాడు. తాతకి మొదట్లో ఙపి వాసనకే కడుపులో తిప్పేదట. పులిసిన చేపముద్ద అది. తిరిగొచ్చాక అదే కావాలని నానమ్మ ప్రాణం తీశాడు. బస్తాల లెక్క బర్మావాళ్ళలాగే నేర్చుకున్నాడు. ముసలితనంలో పెరట్లో కొబ్బరికాయలు కూడా తిత్, నిత్, తోన్ అనే లెక్కపెట్టేవాడు.

నేను పోస్టాఫీసులో చేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి ఈ సంగతి నా కంటికి ఆనుతుంది: రంగం నుంచి మందసకి వచ్చే మనియార్డరు స్వదేశపు మనియార్డరే. 1937 దాకా బర్మా బ్రిటిషిండియాలో ఒక రాష్ట్రం. ఫిజీకో నేటాల్‌కో వెళ్ళినవాడికి ఒప్పందపత్రం ఉండేది, అది ఎంత అన్యాయపు కాగితమైనా సరే. రంగం కూలీకి అదీ లేదు. కాగితం లెక్కన వాడు ఇల్లు కదలనట్టే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి మా ఊళ్ళు గంజాం నుంచి విశాఖపట్నం జిల్లాకి మారాయి; సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయింది. మిల్లులో బస్తా మోస్తున్నవాడికి మొదట జిల్లా మారింది, తర్వాత వాడే పరదేశి అయ్యాడు.

అంతకు ముందే దెబ్బ తగిలింది. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలీ పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మా కూలీల్ని దించాయి. సమ్మె తీరి మనవాళ్ళు పనిలోకి రాగానే ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళు. ఇద్దరు పేదవాళ్ళని ఒకే పనికి పోటీ పెట్టిన కంపెనీల మీద ఈగ వాలలేదు. తాత ఆ రోజుల గురించి అడిగితే చుట్ట వెలిగించుకునేవాడు.

1941 డిసెంబరు 23న జపానువాళ్ళ బాంబులు రంగూన్ మీద పడ్డాయి. ఓడలో చోటు దొరకనివాళ్ళు కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగు వైపు, కొందరు మణిపురం వైపు నడిచారు. కలరా దారి పొడుగునా తిన్నది. యుద్ధం తర్వాత మళ్ళీ వెళ్ళినవాళ్ళనీ, అక్కడే పుట్టినవాళ్ళనీ 1960లలో బర్మాలోని నేవిన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి సాగనంపింది. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలసిందే.

ఇప్పుడు మా పిల్లలు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కి వెళుతున్నారు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది, లైసెన్సున్న ఏజెంట్లున్నారు. అయినా మొన్న కాశీబుగ్గలో ఒక కుర్రాడు తన వీసా చదివిపెట్టమంటే చూశాను: విజిట్ వీసా. చేయబోయేది వెల్డింగు, కాగితం మీద చుట్టపుచూపు. అలా వెళితే పనివాడిగా చట్టం లెక్కలోకే రావని చెప్పాను. ఏజెంటుకి ఎంత కట్టావంటే జీడితోట కాగితాలు కుదువపెట్టానన్నాడు. వడ్డీ ఎంతో అడిగి, వేళ్ళ మీద లెక్క వేసి చూపించాను. రెండేళ్ళ జీతంలో పద్నాలుగు నెలలది దానికే పోతోంది.