షా తహ్మాస్ప్ షాహ్‌నామా

16వ శతాబ్దం తొలి సగంలో ఇరాన్‌లోని తబ్రీజ్ నగరంలో సఫవీ రాజుల కోసం తయారైన పారసీక చేతిరాత గ్రంథం షా తహ్మాస్ప్ షాహ్‌నామా. ఫిర్దౌసీ 1010లో పూర్తిచేసిన ‘షాహ్‌నామా’ కావ్యానికి ఇది రాజప్రతి. ఇందులో 759 పత్రాలు, 258 సూక్ష్మచిత్రాలు ఉండేవి. దీనికి దాదాపు వందేళ్ల ముందు, 1430లో, హేరాత్‌లో తైమూరు వంశపు రాకుమారుడు బైసంఘర్ రాయించిన ప్రసిద్ధ షాహ్‌నామాలో ఉన్న బొమ్మలు ఇరవై పైచిలుకు మాత్రమే. ఈ పోలిక చాలు, సఫవీలు ఎంత పెద్ద పనికి పూనుకున్నారో తెలియడానికి.

సఫవీ వంశ స్థాపకుడు షా ఇస్మాయిల్ చివరి రోజుల్లో, 1522 ప్రాంతంలో పని మొదలైందని పండితుల అంచనా. ఆయన 1524లో మరణించాక పదేళ్ల తహ్మాస్ప్ సింహాసనమెక్కాడు. చిన్ననాట హేరాత్‌లో పెరిగిన తహ్మాస్ప్ స్వయంగా బొమ్మలు వేయడం నేర్చుకున్నవాడు. ఒక చిత్రంపై హిజ్రీ 934, అంటే 1527–28, అని ఉంది. చాలా భాగం 1530ల నడిమికల్లా ముగిసింది.

ఇలాంటి గ్రంథం ఒక్కరి చేతిపని కాదు. రాజు పోషణలో నడిచే ‘కితాబ్‌ఖానా’ అటు గ్రంథాలయం, ఇటు కార్ఖానా. కాగితానికి గంజి పట్టించి, ఆరాక అకీకు రాయితో నున్నగా రుద్దేవారు. దారాలు బిగించిన అట్టమీద దాన్ని పెట్టి అదిమితే గీతల అచ్చు పడేది. దీపపు మసి, తుమ్మజిగురు కలిపిన సిరాతో, ఏటవాలుగా చెక్కిన రెల్లు కలంతో లేఖకుడు ముందుగా పద్యాలు రాసేవాడు. ఈ ప్రతిలో ఒక్కో పుటకు నాలుగు వరసలు, 22 పంక్తులు. బొమ్మ రావలసిన చోటు ఖాళీగా వదిలేవారు. బొమ్మ పైనా కిందా ఏ పద్యాలు మిగలాలో, కథ ఏ ఘట్టం దగ్గర ఆగాలో అలా ముందే తేలిపోయేది. రాతకూ బొమ్మకూ ఉన్న ఈ ముడి తెలియనిదే పారసీక గ్రంథకళ అర్థం కాదు.

లిపి నస్తాలిఖ్. 14వ శతాబ్దంలో రూపుదిద్దుకున్న ఈ లిపిలో అక్షరాలు కుడినుంచి ఎడమకు కాస్త కిందికి జారుతూ సాగుతాయి. ఆనాటి ఇరాన్‌లో లేఖకుడి గౌరవం చిత్రకారుడి కన్నా ఎక్కువ. రాత ముగిశాక చిత్రకారులు, వారితోపాటు పుటలకు బంగారు అలంకరణ చేసేవారు పని అందుకునేవారు. నీలానికి బదఖ్షాన్ నుంచి వచ్చే రాజావర్తం, ఎరుపుకు ఇంగిలికం, నీళ్లకు వెండి. ఆ వెండి కాలక్రమాన నల్లబడి, నేడు చాలా చిత్రాల్లో ఏళ్లు మసిరంగులో కనిపిస్తాయి.

చిత్రకారుల్లో మొదట చెప్పుకోవలసినవాడు సుల్తాన్ ముహమ్మద్. ఆయన వేసిన ‘గయూమర్స్ దర్బారు’లో లోకపు తొలి రాజు కొండశిఖరాన కూర్చుంటాడు. చుట్టూ చిరుతతోళ్లు కట్టుకున్న పరివారం. రాళ్లను పరిశీలించి చూస్తే వాటిలో మనుషుల, మృగాల ముఖాలు ఒక్కొక్కటే బయటపడతాయి. సాటి చిత్రకారుడు దోస్త్ ముహమ్మద్ 1544లో రాస్తూ, ఈ చిత్రం ముందు తక్కిన చిత్రకారులు సిగ్గుతో తల వంచారన్నాడు. తబ్రీజ్ తుర్కమాన్ల చిత్రాల ఉరవడి, హేరాత్‌లో చిత్రకారుడు బిహ్జాద్ సాధించిన పొందిక ఈ పుటల్లో ఒకటయ్యాయి. పారసీక చిత్రకళ అందుకున్న శిఖరం ఇదే.

వయసు పెరిగేకొద్దీ తహ్మాస్ప్‌కు మతనిష్ఠ ముదిరి, చిత్రకళపై మక్కువ తగ్గింది. చిత్రకారులు మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమద్ మొఘల్ చక్రవర్తి హుమాయూన్ కొలువుకు చేరి మొఘల్ చిత్రకళకు పునాది వేశారు. గ్రంథాన్ని 1568లో ఒట్టోమన్ సుల్తాన్ రెండో సలీంకు కానుకగా పంపారు. మూడు శతాబ్దాలకు పైగా అది ఇస్తాంబుల్ రాజభవనంలో భద్రంగా ఉంది.

తర్వాతి కథ బాధాకరం. 20వ శతాబ్దం మొదట్లో పారిస్‌లోని రోత్‌షీల్డ్ కుటుంబం చేతికి వచ్చిన గ్రంథాన్ని 1959లో అమెరికా సంపన్నుడు ఆర్థర్ హౌటన్ కొన్నాడు. కొన్నాక పత్రాలు విడదీయించాడు. 78 చిత్రాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చాడు. కొన్నిటిని 1976 నుంచి అమ్మసాగాడు. పద్యం నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి మళ్లీ పద్యానికి నడిచే పుటల వరస దాంతో తెగిపోయింది. యుద్ధాలు, రాజ్యాల పతనాలు చేయని హాని ఒక యజమాని చేశాడు. హౌటన్ మరణం తర్వాత, 1994లో, మిగిలిన 118 చిత్రాలు, రాతపుటలు, అట్ట ఇరాన్‌కు చేరాయి. బదులుగా ఇరాన్ ఇచ్చింది డి కూనింగ్ వేసిన ‘మూడో స్త్రీ’ తైలవర్ణచిత్రం. ‘గయూమర్స్ దర్బారు’ ఇప్పుడు టొరంటోలోని ఆగాఖాన్ మ్యూజియంలో ఉంది. 2011లో ఒక్క పత్రం లండన్ వేలంలో 74 లక్షల పౌండ్లు పలికింది.

తెలుగు పాఠకులు ఈ కళాసంప్రదాయాన్ని చూడాలంటే ఇరాన్ దాకా వెళ్లనక్కర్లేదు. గోల్కొండ కుతుబ్‌షాహీలు ఇదే పారసీక గ్రంథకళను పోషించారు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ కవితల చిత్రాలంకృత ప్రతి హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియం సేకరణలో ఉంది.