తలకు, శరీరానికి తగిలే తీవ్ర గాయాలు – గుర్తింపు, తొలి గంట, చికిత్స

ప్రత్యేక వ్యాసం – తాడిపత్రి, అనంతపురం జిల్లా

అనంతపురం జిల్లాలోని తాడిపత్రి పట్టణం నాపరాళ్ళకు, బండల పాలిష్ పరిశ్రమకు, సిమెంటు, ఉక్కు కర్మాగారాలకు పేరొందినది. అనంతపురం నుండి గుంటూరు వరకు సాగే 544డి జాతీయ రహదారి ఈ పట్టణం మీదుగా పోతుంది. గుత్తి, ముద్దనూరు దిశల రహదారులు కూడా ఇక్కడ కలుస్తాయి. బండలు, సిమెంటు మోసే లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, ద్విచక్ర వాహనాలు ఒకే దారిన నడుస్తుంటాయి. గనులలో బండ జారిపడుట, పాలిష్ యంత్రాల వద్ద జరిగే ప్రమాదాలు, పొలంలో ట్రాక్టరు బోల్తాపడుట, చింతచెట్టు ఎక్కి జారిపడుట, నీరింకిన బావిలో పడుట వంటివి ఈ మెట్ట ప్రాంతంలో గాయాలకు ఇతర కారణాలు.

ఇటువంటి సందర్భాలలో క్షతగాత్రుని ప్రాణం అనేకసార్లు గాయం పరిమాణంపై కంటె, గాయపడిన తరువాత గడచిన కాలంపైన, ఆ కాలంలో చుట్టుపక్కలవారు చేసిన పనులపైన ఆధారపడి ఉంటుంది. అనంతపురంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి తాడిపత్రికి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మెదడు శస్త్రచికిత్స అవసరమైనవారిని కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గాని, బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థకు గాని పంపవలసిన సందర్భాలు కూడా కలుగుతుంటాయి. ఈ దూరాన్ని దృష్టిలో ఉంచుకొని పాత్రికేయులు, అధికారులు తెలుసుకోదగిన అంశాలను ఈ దిగువ పొందుపరచడమైనది.

సమస్య తీవ్రత

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022 సంవత్సరంలో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరుగగా 1,68,491 మంది మరణించారు. మృతులలో సుమారు 44 శాతం మంది ద్విచక్ర వాహనదారులే. హెల్మెట్ ధారణ వలన ద్విచక్ర వాహనదారులలో మరణ ప్రమాదం సుమారు 42 శాతం, తలగాయాల ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతున్నట్లు పలు దేశాల అధ్యయనాలను క్రోడీకరించిన సమీక్షలో తేలింది. అయితే గడ్డం క్రింద పట్టీ బిగించని హెల్మెట్ తొలి తాకిడికే ఊడిపోతుంది గనుక దానివలన రక్షణ ఉండదు.

తలగాయం – లోపల జరిగేది

తలకు దెబ్బ తగిలినపుడు మెదడుకు రెండు విధాలుగా హాని కలుగుతుంది. మొదటిది దెబ్బ తగిలిన క్షణంలోనే జరిగిపోతుంది. దానిని వైద్యులు సైతం వెనుకకు తిప్పలేరు. రెండవది తరువాతి నిమిషాలలో, గంటలలో ఏర్పడుతుంది. రక్తపోటు పడిపోవుట, ప్రాణవాయువు చాలకపోవుట, పుర్రెలో రక్తం చేరి మెదడును నొక్కివేయుట దీనికి కారణాలు. తీవ్రమైన తలగాయం గలవారిలో రక్తపోటు పై అంకె ఒక్కసారి 90 కంటె దిగువకు పడిపోయినను మరణించే అవకాశం దాదాపు రెట్టింపు అవుతుందని వైద్య పరిశోధనలు తెలుపుతున్నాయి. ఈ రెండవ హానిని నివారించుటయే తలగాయ చికిత్స యొక్క ముఖ్యోద్దేశం.

కొందరు దెబ్బ తగిలి స్పృహ తప్పి, కొద్దిసేపటికి తేరుకొని, మాట్లాడి, ఇంటికి నడచి వెళ్ళి, కొన్ని గంటల తరువాత హఠాత్తుగా అపస్మారకంలోకి జారుకుంటారు. పుర్రె ఎముకకు, మెదడు పైపొరకు నడుమనున్న రక్తనాళం తెగి, అక్కడ రక్తం గడ్డకట్టుట ఇందుకు కారణం. సకాలంలో శస్త్రచికిత్స జరిగితే వీరిలో అధికులు కోలుకుంటారు. కనుక “లేచి మాట్లాడుచున్నాడు, ఏమీ కాలేదు” అని ఇంటికి పంపివేయుట మిక్కిలి ప్రమాదకరం. వృద్ధులలోను, రక్తం పలుచబడుటకు మందులు వాడువారిలోను చిన్న దెబ్బ తగిలిన కొన్ని వారాల తరువాత కూడా తలనొప్పి, మతిమరుపు, నడకలో తూలు కనిపించవచ్చును. దీనిని వయోభారమని భావించి ఉపేక్షించరాదు.

స్పృహను కొలిచే విధానం

బ్రిటన్‌లోని గ్లాస్గో నగరానికి చెందిన వైద్యులు గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ 1974లో ప్రకటించిన గ్లాస్గో కోమా స్కేల్ నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. కళ్ళు తెరచుటకు 4, మాటకు 5, కాళ్ళుచేతుల కదలికకు 6 చొప్పున గరిష్ఠంగా 15 మార్కులు ఉంటాయి. కనిష్ఠం 3. మొత్తం 13 నుండి 15 వరకు ఉంటే స్వల్ప, 9 నుండి 12 వరకు మధ్యస్థ, 8 లేదా అంతకు తక్కువ అయితే తీవ్ర తలగాయంగా పరిగణిస్తారు. ఒకసారి వేసిన మార్కుల కంటె, అవి గంటగంటకు పెరుగుచున్నవా తగ్గుచున్నవా అన్నదే ముఖ్యం. రెండు మార్కులు తగ్గినా పరిస్థితి విషమిస్తున్నట్లు భావించవలసి ఉంటుంది.

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నను సి.టి. స్కాన్ సౌకర్యం గల ఆసుపత్రికి తరలించవలెను.

– దెబ్బ తగిలిన రెండు గంటల తరువాత కూడా పూర్తి స్పృహ రాకపోవుట
– రెండు లేక అంతకు మించి వాంతులు, లేదా మూర్ఛ
– ఒక కంటిపాప పెద్దదగుట, ఒకవైపు కాలుచేతులు బలహీనపడుట
– చెవి, ముక్కుల నుండి రక్తం గాని, నీటివంటి ద్రవం గాని కారుట, కళ్ళచుట్టు లేదా చెవి వెనుక నల్లబడుట
– ప్రమాదానికి ముందు అరగంటకు మించిన సంగతులు గుర్తు లేకపోవుట
– వయస్సు 65 సంవత్సరాలు లేదా అంతకు మించి ఉండుట
– వాహనం నుండి ఎగిరిపడుట, ఎత్తు నుండి పడుట

దేహంలోని ఇతర గాయాలు

పెద్దల శరీరంలో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. తొడ ఎముక ఒక్కటి విరిగినను చర్మం చెక్కుచెదరకుండానే లీటరు నుండి లీటరున్నర వరకు రక్తం కండరాలలోకి కారిపోవచ్చును. ఛాతీ, ఉదరం, కటి ఎముకల వలయం కూడా ఇట్లే రక్తాన్ని లోలోపల దాచుకొంటాయి. చర్మం చల్లబడి చెమటలు పట్టుట, నాడి వేగంగా కొట్టుకొనుట, ఆందోళన, విపరీతమైన దాహం రక్తస్రావానికి తొలి సూచనలు. రక్తపోటు తగ్గుట ఆ తరువాతి దశ. రక్తపోటు సరిగా ఉన్నదన్న కారణంతో రక్తస్రావం లేదని నిర్ధారించరాదు.

పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తికి రంధ్రం పడినపుడు ఛాతీలో గాలి చేరి, గుండెను ఒకవైపునకు నెట్టివేసే ప్రమాదం ఉన్నది. ఎక్స్‌రే కొరకు వేచియుండక వైద్యుడు సూదితో గాని గొట్టంతో గాని ఆ గాలిని వెంటనే తీయవలసి ఉంటుంది. కడుపులోని రక్తాన్ని గుర్తించుటకు మంచం ప్రక్కనే చేసే అల్ట్రాసౌండ్ పరీక్ష ఉపకరిస్తుంది.

బండల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలున్న ప్రాంతం గనుక మరొక అంశం ప్రస్తావించుట అవసరం. కాలు లేదా తొడ బండ క్రింద చాలాసేపు నలిగినపుడు, బండ తొలగించిన తరువాతనే అసలు ప్రమాదం మొదలుకావచ్చును. నలిగిన కండరాలలోని పొటాషియం, ఇతర పదార్థాలు ఒక్కసారిగా రక్తంలో కలిసి గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. రెండవ ప్రపంచయుద్ధంలో లండన్‌పై జరిగిన బాంబుదాడుల బాధితులలో ఈ స్థితిని గమనించి వైద్యులు 1941లో వివరించారు. చాలాసేపు చిక్కుకొన్నవారికి వీలైనంతవరకు బండ తొలగించుటకు ముందే సెలైన్ ప్రారంభించవలెను. కావున ఇటువంటి ప్రమాదంలో బండ లేపే ప్రయత్నంతో పాటే 108కు సమాచారం అందించుట అవసరం.

సంఘటనా స్థలంలో చేయవలసినవి, చేయకూడనివి

– 108కు ఫోను చేసి స్థలం, క్షతగాత్రుల సంఖ్య, స్పృహ ఉన్నదా లేదా అన్న వివరాలు తెలుపవలెను.
– రక్తం కారుచున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా, వదలకుండా అదిమి ఉంచవలెను. పసుపు, కాఫీ పొడి, సున్నం వంటివి గాయంలో అద్దరాదు.
– మెడ, వెన్నెముక కదలకుండ తల, భుజాలు, నడుము ఒకే వరుసలో ఉండునట్లు నలుగురు కలసి లేపవలెను. కాళ్ళుచేతులు పట్టుకొని ఎత్తి ఆటోలో మడచి పడుకోబెట్టుట వలన నడవగలిగిన మనిషి జీవితాంతం మంచానపడే ప్రమాదం ఉన్నది.
– స్పృహ లేనివారికి నీరు, సోడా, కాఫీ త్రాగించరాదు. అవి ఊపిరితిత్తులలోకి పోవచ్చును. వాంతి అవుతుంటే మెడ మెలిపడకుండ మొత్తం శరీరాన్ని ప్రక్కకు తిప్పవలెను.
– శరీరంలో దిగబడిన ఇనుపచువ్వ, రాతిముక్క వంటివి లాగివేయరాదు.
– విరిగిన కాలికి చెక్కగాని మడిచిన అట్టగాని ఆసరాగా కట్టవలెను.

ఆసుపత్రిలో తొలి నిమిషాలు

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో 1976లో జేమ్స్ స్టైనర్ అనే శస్త్రవైద్యుడు నడుపుచున్న చిన్న విమానం కూలిపోయింది. ఆయన భార్య మరణించగా పిల్లలు గాయపడ్డారు. సమీపంలోని చిన్న ఊరి ఆసుపత్రిలో గాయాల చికిత్సకు నిర్ణీత పద్ధతి లేకపోవుటను గమనించిన ఆయన, సహచరులతో కలిసి ఒక శిక్షణ క్రమాన్ని రూపొందించారు. దానిని 1980లో అమెరికన్ శస్త్రవైద్యుల కళాశాల స్వీకరించింది. పెద్ద నగరాలకు దూరంగా ఉన్న ఆసుపత్రుల కొరకు పుట్టిన ఈ పద్ధతి తాడిపత్రి వంటి పట్టణాలకు సరిగ్గా సరిపోతుంది. దీని ప్రకారం మొదట మెడను కాపాడుతూ శ్వాసమార్గం, పిదప శ్వాస, అటుపిమ్మట రక్తప్రసరణ, తరువాత స్పృహ, కంటిపాపలు, చివరగా వస్త్రాలు తొలగించి శరీరమంతటి పరిశీలన అనే వరుసలో పరీక్ష, చికిత్స ఏకకాలంలో సాగుతాయి.

రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ ఆమ్లం ఇంజెక్షన్ ఖరీదైనది కాదు. 20,211 మంది క్షతగాత్రులపై జరిగి 2010లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో ఇది మరణాలను తగ్గించునని నిరూపితమైంది. అయితే గాయపడిన 3 గంటలలోపు ఇచ్చినపుడే మేలు కలుగుతుంది. ఆ తరువాత ఇచ్చుట హానికరం కావచ్చును. తలగాయాలకు అలవాటుగా ఇస్తూ వచ్చిన స్టెరాయిడ్ మందుల వలన మరణాలు పెరుగుతున్నట్లు 2004లో వెలువడిన మరొక అధ్యయనం తేల్చింది. అందుచేత వాటి వాడకం నిలిచిపోయింది.

పెద్ద ఆసుపత్రికి పంపవలసిన రోగిని సి.టి. స్కాన్ లేదన్న కారణంతో నిలిపి ఉంచరాదు, శ్వాస, రక్తస్రావం అదుపు చేయకుండ పంపివేయరాదు. ప్రమాద సమయం, స్పృహ మార్కులు, కంటిపాపల స్థితి, రక్తపోటు, ఇచ్చిన మందులు, వాటి సమయం నమోదుచేసిన పత్రం రోగి వెంట ఉండవలెను. చేరుకొనే ఆసుపత్రికి ముందుగా ఫోను ద్వారా తెలియజేసినచో అక్కడ వైద్యులు, రక్తం సిద్ధంగా ఉంటాయి.

చట్టం, ప్రభుత్వ పథకాలు

క్షతగాత్రునికి తక్షణ చికిత్స అందించుట ప్రతి వైద్యుని విధి అని, పోలీసు లాంఛనాల కొరకు చికిత్స ఆపరాదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో స్పష్టం చేసింది. సహాయం చేసిన వ్యక్తిని పేరు, చిరునామా తెలుపవలసిందిగా బలవంతపెట్టరాదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదముద్ర వేసింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ ఈ రక్షణను చట్టబద్ధం గావించింది. గాయపడిన తరువాతి ఒక గంట కాలాన్ని “గోల్డెన్ అవర్”గా అదే సవరణ నిర్వచించింది. ఆ గంటలో తీవ్ర క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవారికి ఇచ్చే ప్రోత్సాహకం 2021లో రూ.5,000తో మొదలై, 2025లో “రాహ్‌వీర్” పేరిట రూ.25,000కు పెరిగింది.

108 అత్యవసర సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ప్రారంభమై క్రమంగా జిల్లాలన్నింటికి విస్తరించింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైనపుడు తొలి దశకు ఎంపికైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్, శ్రీకాకుళంతో పాటు అనంతపురం ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం ప్రస్తుతం డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరిట అమలవుతున్నది. రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఏడు రోజులపాటు రూ.1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స కల్పించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే 5న నోటిఫై చేసింది. గుర్తు తెలియని వాహనం ఢీకొని మరణించినవారి కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి రూ.50,000 పరిహారం 2022 ఏప్రిల్ 1 నుండి వర్తిస్తున్నది.

పాత్రికేయులకు సూచనలు

“తీవ్ర గాయం” అన్న మాటకు చట్టంలో ఒక అర్థం, వైద్యంలో మరొక అర్థం ఉన్నాయి. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం పన్ను విరిగినను తీవ్ర గాయమే. 15 రోజులు దైనందిన పనులు చేసుకొనలేకపోయినను తీవ్ర గాయమే. పైకి గీత లేకున్నను మెదడులో రక్తం గడ్డకట్టిన వ్యక్తి వైద్యపరంగా అంతకంటె ప్రమాదంలో ఉండవచ్చును. వార్తలో ఏ అర్థంలో వాడినదీ స్పష్టంగా ఉండుట మేలు.

“కోమా”, “బ్రెయిన్ డెడ్” ఒకటి కావు. కోమాలోని వ్యక్తి తేరుకొనే అవకాశం ఉన్నది. బ్రెయిన్ డెడ్ అనునది 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం 6 గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించే మరణం. “ప్రాణాపాయం లేదు” అన్న మాటను తొలి 24 గంటలలో వైద్యుని పేర, సమయంతో సహా మాత్రమే ప్రచురించుట సముచితం. సహాయం చేసినవారి పేర్లు, ఛాయాచిత్రాలు వారి అంగీకారం లేకుండ ప్రచురించరాదు.

తాడిపత్రి నుండి అనంతపురం వరకు ఉన్న 55 కిలోమీటర్లను ఎవరూ తగ్గించలేరు. అయితే ఆ ప్రయాణం ఎంత త్వరగా మొదలగునో, క్షతగాత్రుడు ఏ స్థితిలో బయలుదేరునో అన్నవి సంఘటనా స్థలంలోని ప్రజల చేతిలోను, తొలి ఆసుపత్రి సిబ్బంది చేతిలోను ఉన్నాయి. గనులు, పాలిష్ ఫ్యాక్టరీల యాజమాన్యాలు, ఆటో, లారీ డ్రైవర్ల సంఘాలు, రవాణా, పోలీసు, వైద్య, పంచాయతీరాజ్ శాఖల అధికారులు పై ప్రథమ చికిత్స సూచనలను తమ పరిధిలో విస్తృతంగా ప్రచారం గావించవలసిందిగాను, పత్రికలు, ప్రసార మాధ్యమాలు ఇందుకు సహకరించవలసిందిగాను విజ్ఞప్తి.