విద్యార్థుల యంత్రములు – గురువుల చేతులు

యంత్రమును తానే చేసి చూపుట ఇంజనీరునకు సులభము. నేర్చుకొనువాడు తప్పుగా బిగించుచుండగా చేతులు కట్టుకొని చూచుచుండుట కష్టము. విద్యార్థుల సాంకేతిక పోటీలలో మార్గదర్శకులకు మొదటినుండియు ఉన్న చిక్కు ఇదియే.

ఈ పోటీల మూలములలో నొకటి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ, అనగా ఎం.ఐ.టి.లో కలదు. 1970 దశకమున వుడీ ఫ్లవర్స్ అను ఆచార్యుడు అచ్చట '2.70' అను సంఖ్య గల యంత్రరచనా పాఠమును నడపెను. విద్యార్థులందరకు ఒకే విధమైన చిల్లర సామాను ఇచ్చెడివారు. దానితో ఎవరి యంత్రమును వారే కట్టుకొని, తుదకు అందరియెదుట పోటీకి దింపవలెను. 1989లో డీన్ కేమన్ 'ఫస్ట్' అను సంస్థను స్థాపింపగా ఫ్లవర్స్ దానికి తోడ్పడెను. 1992లో మాంచెస్టరు నగరమున, అనగా ఇంగ్లండులోనిది కాదు, న్యూహాంప్‌షైర్ రాష్ట్రములోనిది, ఒక పాఠశాల వ్యాయామశాలలో 28 జట్లతో తొలి పోటీ జరిగినది.

ఇచ్చట పద్ధతి మారినది. ఇంజనీర్లు బాలబాలికల పక్కన నిలిచి వారితో కలసి పనిచేయవచ్చును. రోబోటులో పిల్లల చేతిపని ఎంత, పెద్దల చేతిపని ఎంత అను తర్కము నేటికిని తెగలేదు. 1996లో ఫ్లవర్స్ పేరిట నెలకొల్పిన బహుమతికి తగిన మార్గదర్శకుడెవరో విద్యార్థులే వ్రాసి పంపుదురు. ఈ విషయమున తీర్పరులు వారే కావలెను గదా!

2004లో జరిగిన ఒక సంగతి ఈ తర్కమునకు మంచి ఉదాహరణము. ఆరిజోనా రాష్ట్రములోని ఫీనిక్స్ నగరమున కార్ల్ హేడెన్ ఉన్నత పాఠశాల కలదు. అందు చదువుకొనువారిలో అనేకులు మెక్సికోనుండి వచ్చిన బీద కుటుంబములవారు. ఫ్రెడీ లజ్వర్దీ, అలన్ కామెరాన్ అను ఉపాధ్యాయులు నలుగురు విద్యార్థులను చేరదీసి, 'మేట్' కేంద్రమువారి నీటి అడుగు రోబోటుల పోటీకి సిద్ధపరచిరి. పోటీలో రెండు తరగతులు. వీరిని కళాశాలలవారు పాల్గొను పై తరగతిలో చేర్చిరి. కళాశాలల చేతిలో ఓడిన సిగ్గుపడనక్కరలేదని వారి లెక్క!

తమకు తెలియనిచోట ఉపాధ్యాయులు తెలిసినట్లు నటింపలేదు. నిపుణులకు ఫోను చేసి అడుగు పనిని పిల్లలకే అప్పగించిరి. చౌకయైన పి.వి.సి. గొట్టములతో చట్రము కట్టిరి. గొట్టములలోని గాలి యంత్రము తేలుటకు సాయపడును. ఖర్చు సుమారు 800 డాలర్లు. జిగురు కంపు కొట్టుటచే దానికి 'స్టింకీ' అని పేరు పెట్టిరి. మునిగిన పీపాలోనుండి 500 మిల్లీలీటర్ల ద్రవమును తోడి తెచ్చుట పరీక్షలలో నొకటి. అందులకు చిన్న పంపును, రబ్బరు బుడగను అమర్చిరి.

పోటీస్థలమైన శాంటా బార్బరా చేరి, యంత్రమును నీటిలో దింపి చూడగా విద్యుత్ పరికరములున్న పెట్టెలోనికి నీరు కారినది. ఆ రాత్రి తీగల అతుకులకు మరల మాటు వేసినది విద్యార్థులే. కారుచున్న నీటిని పీల్చుటకు, స్త్రీలు నెలసరి సమయమున వాడు దూది చుట్టలను పెట్టెలో నుంచవచ్చునని వారిలో నొకనికి తోచినది. దుకాణమునకు పోయి కొని తెచ్చిరి. ఉపాయము పారినది. తుది ఫలితములలో ఫీనిక్స్ జట్టు ప్రథమము, ఎం.ఐ.టి. జట్టు ద్వితీయము! రూపకల్పనకు, సాంకేతిక నివేదికకు వేరు బహుమతులు కూడ వచ్చినవి.

కాని గురువుల చేతికి అందని చిక్కు వేరొకటి యుండెను. ఆ నలుగురును మెక్సికోలో పుట్టి, బాల్యమున అనుమతి పత్రములు లేకయే అమెరికా చేరినవారు. అట్టివారికి స్థానికుల రుసుముతో కళాశాలలో చదువుకొను వీలు లేకుండ ఆరిజోనా ఓటర్లు 2006లో శాసనము చేసిరి. జట్టులోని ఆస్కార్ వాజ్‌క్వెజ్ అయినను చదువు విడువక, 2009లో ఆరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్ర పట్టము పొందెను. పత్రములను సరిచేసికొనుటకై తానుగా మెక్సికో వెళ్లగా, 10 సంవత్సరముల నిషేధము ఎదురైనది. 2010లో ఆ నిషేధమును సడలించిన పిమ్మట తిరిగివచ్చి అమెరికా సైన్యమున చేరెను.