కోర్ డె లా బ్రియెర్: జర్మనీ గుర్రాల జాతకం మార్చేసిన ఫ్రాన్స్ గుర్రం

2017 మే నెల, జర్మనీలోని హాంబర్గ్. గ్లోబల్ చాంపియన్స్ టూర్ షో జంపింగ్‌లో 18 ఏళ్ల కాసాల్ అనే గుర్రం, స్వీడన్ రైడర్ రోల్ఫ్ గోరాన్ బెంగ్ట్‌సన్‌తో కలిసి గ్రాండ్ ప్రీ కొట్టేసింది. అదే దానికి ఆఖరి పోటీ. గెలిచింది, అక్కడే రిటైర్ అయింది! ఆ వీడియో చూసిన ఎవరైనా కాసాల్‌కే ఫ్యాన్ అయిపోతారు. అయితే అసలు కథ దాని ముత్తాతది. పేరు కోర్ డె లా బ్రియెర్. ముద్దుపేరు 'కోర్డె'.

కాసాల్‌ది హోల్‌స్టైనర్ జాతి. సొంతూరు ఉత్తర జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్. ఈ గుర్రాలు ఒకప్పుడు బండ్లు, ఫిరంగులు లాగాయి, పొలాలు దున్నాయి. అంత బరువైన ఒళ్లు వేసుకుని కూడా దూకేవి. మెటియోర్ అనే గుర్రం 1952, 1956, 1960 ఒలింపిక్స్ మూడింటిలోనూ పతకాలు తెచ్చింది.

కానీ ట్రాక్టర్ వచ్చాక రైతుకు గుర్రంతో పనేముంది? 1960లో ట్రావెంటాల్‌లోని ప్రభుత్వ అశ్వశాల మూతపడింది. అక్కడి మగ గుర్రాల బాధ్యత పెంపకందారుల సంఘం మీద పడింది. జాతి బతకాలంటే దారి ఒక్కటే. లాగే గుర్రం ఆటల గుర్రంగా మారాలి.

అందుకే థరోబ్రెడ్ రక్తం కలిపారు. మన హైదరాబాద్ మలక్‌పేట రేసుల్లో పరిగెత్తేవి ఈ జాతి గుర్రాలే. అలా వచ్చిన లేడీకిల్లర్ అనే థరోబ్రెడ్‌కు 1966లో ల్యాండ్‌గ్రాఫ్-1 పుట్టింది. అది మహా బలమైన గుర్రం, దాని సంతానమూ అంతే. బలం దొరికింది సరే, దూకే తీరులో నాజూకుతనం ఇంకా కావాలి.

ఆ లోటు తీర్చింది కోర్డె. 1968లో ఫ్రాన్స్‌లో పుట్టింది. తండ్రి రాంట్సౌ థరోబ్రెడ్. తల్లి వైపు చూసినా ఫ్యూరియోజో అనే మరో పేరున్న థరోబ్రెడ్ కనిపిస్తుంది. 1971లో హోల్‌స్టైన్ వాళ్లు దీన్ని తెచ్చుకున్నారు. పెంపకందారులు దీని గురించి ముందుగా చెప్పే మాట 'బాస్క్యూల్'. అంటే కర్ర మీదుగా వెళ్లేటప్పుడు మెడ కిందికి దించి, వీపును విల్లులా వంచి, ముందుకాళ్లు గట్టిగా మడవడం. కొన్ని గుర్రాలు బలంతో ఎలాగోలా దాటేస్తాయి. కోర్డె పిల్లలు మాత్రం ఒళ్లు వంచి దాటతాయి. స్లో మోషన్‌లో చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు కాసాల్ వంశం చూడండి. తండ్రి కారెటినో, తాత కాలెటో-2, ముత్తాత కోర్డె. తల్లి తండ్రి లావాల్-1, ఆయనగారి తండ్రి ల్యాండ్‌గ్రాఫ్-1! రెండు వైపుల నుంచీ రావాల్సినవి వచ్చేశాయన్నమాట. 2014 ప్రపంచ పోటీల ఫైనల్‌లో నలుగురు రైడర్లు ఒకరి గుర్రం ఒకరు మార్చుకుని దూకించాల్సి వచ్చింది. ఆ నాలుగు గుర్రాల్లో కాసాల్ ఒకటి.

పేర్ల విషయంలో చిన్న జాగ్రత్త. అక్కడ మగపిల్లకు తండ్రి పేరులోని మొదటి అక్షరంతోనే పేరు పెడతారు. కాబట్టి 'సి'తో మొదలయ్యే పేర్లు కుప్పలుగా ఉంటాయి. అలాగని అన్నీ కోర్డె వంశం కాదు. కాపిటోల్-1ది వేరే లైన్. కాకపోతే ఆ రెండు కుటుంబాలూ ఎప్పుడో వియ్యమందుకున్నాయి. కోర్డె కొడుకు కొరాడో-1 తల్లి, కాపిటోల్ కూతురు. కాపిటోల్ కొడుకు కాసిని-1 తల్లేమో కాలెటో-2 కూతురు. ఆ కాసిని కొడుకు కుమానో మీదే జోస్ లాన్సింక్ 2006లో ఆహెన్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

కోర్డె సంతానం జంపింగ్‌తోనే ఆగలేదు. కొడుకు కొర్లాండస్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ వ్యక్తిగత రజతం గెలిచింది. రైడర్ మార్గిట్ ఓటో-క్రెపాన్ ఏ దేశం తరఫున ఆడారో తెలుసా? ఫ్రాన్స్! తమ దగ్గర పుట్టిన గుర్రం కొడుకును జర్మనీ పెంచితే, పతకం మళ్లీ ఫ్రాన్స్‌కే చేరింది.

2000లో కోర్డె చనిపోయింది. ఇప్పుడున్న చిక్కల్లా దాని విజయం వల్ల వచ్చిందే. అసలే చిన్న జాతి, అందులో ఇన్ని వంశాలకు మూలం ఒకే గుర్రం. ఏ మంచి జోడీ కలపాలన్నా అటూ ఇటూ కోర్డె పేరే ఎదురవుతుంది. దగ్గరి రక్తం మరీ కలవకుండా కొత్త రక్తం ఎక్కడి నుంచి తేవాలన్నదే ఇప్పుడు అక్కడి పెంపకందారుల ముందున్న ప్రశ్న. 1971లో ఫ్రాన్స్ వైపు చూసింది కూడా ఇలా కొత్త రక్తం కోసమే.